చిన్నమ్మ దిగుతానన్నది

మా పెద్దబాపు దినకర్మ నాడు, సుచిత్ర చౌరస్తా దగ్గరి ఫంక్షన్ హాలు గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దబాపు అంటే మా బాపుకు అన్న, మా ఇంటికి పెద్ద. నిండా బతికి, సొంత మంచం మీద, కొడుకులూ కోడళ్ళూ చుట్టూ ఉండగా పోయాడు. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను. ఫ్లెక్సీలో ఆయన ఉన్ని టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నడుము మీద చెయ్యి వేసుకుని, మంచు కొండల ముందు నిలబడి నవ్వుతున్నాడు. లోపల మైకు పట్టుకున్న ఒకాయన, ఆ రోజుల్లోనే తన ఖర్చుతో ఇంటిల్లిపాదికీ హిమాలయాలు చూపించిన మహామనిషి అని పొగుడుతున్నాడు. ఆ ఫొటో తీసిన పొద్దుట నేను ఆ కొండ మీదే ఉన్నాను. సరిగ్గా ఆ వేళకు మా చిన్నమ్మ ఎక్కడ ఉందో, ఏమని అడుగుతూ ఉందో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉన్న ఊరు. అప్పట్లో ఆ దారి పొడుగునా ద్రాక్ష తోటలే. ఏడాదిలో సగం రోజులు మా ఇంట్లో మైలుతుత్తం, సున్నం కలిపి తోటకు కొట్టే మందు వాసన ఉండేది. మగవాళ్ళ చొక్కాలకూ దండెం మీది తువ్వాళ్ళకూ ఆ నీలి మరకే. కాయ దిగే ఎండాకాలంలో మాత్రం ఇల్లంతా తియ్యటి పులుపు వాసన, గంపల మీద ముసిరే తేనెటీగల రొద. పెద్దబాపు పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని వాకిట్లో కూర్చుంటే, ఆయన ముఖం కడుక్కునేదాకా ఇంట్లో ఎవరూ గొంతెత్తేవాళ్ళు కాదు. ఆయనకు నీళ్ళు వేరే కాగాలి. ఆయన అన్నం మెత్తగా ఉడకాలి, ఒక్క పలుకు పంటికి తగిలినా కంచం పక్కకు నెట్టేసేవాడు. ఆయన తిన్నాక తమ్ముళ్ళు, వాళ్ళ తరువాత పిల్లలు, అందరి కంచాలూ ఎత్తాక ఆడవాళ్ళు. "ఇంటికి ఒక్కడే మొగోడు ఉండాలె. మిగిలినోల్లంత ఆని ఎన్కనే నడ్వాలె" అనేది మా అవ్వ, సాసర్లో చాయ్ ఊదుకుంటూ. ఆ మాట మా ఇంటి తెలివి అనుకునేవాళ్ళం. పెద్ద కొడుకు వస్తున్నాడంటే కాళ్ళు ముడుచుకుని కూర్చునే తల్లి చెప్పిన తెలివి అది.

ఆ ఇంటికి చిన్నకోడలుగా వచ్చింది సుగుణ చిన్నమ్మ, మా చిన్నబాపు భార్య. పుట్టిల్లు గండిమైసమ్మ. ఇంటర్ దాకా చదివింది. మధ్యాహ్నం పనులయ్యాక అవ్వకు పేపరు చదివి వినిపించేది, చావు వార్తలు దాటేసి పెళ్ళి వార్తలు మాత్రమే. నాకు తల దువ్వేది ఆమే. చేతులకు ఎప్పుడూ ఎల్లిపాయ కారం వాసన. "తల ఊపకు బిడ్డా, జడ వంకర పోతది" అంటూనే తను ఏదో గుర్తొచ్చి నవ్వితే నా తల కూడా ఊగేది. పెద్దబాపు ఇంట్లో లేని రోజుల్లో ఆ నవ్వు వీధి దాకా వినిపించేది. ఆమె కూతురు శైలు అప్పుడే పరుగులు నేర్చింది. తల్లి కొంగు గుప్పిట్లో లేనిదే నిద్రపోయేది కాదు. ఎన్నోసార్లు చిన్నమ్మ ఆ కొంగు విడిపించుకోలేక చీర మొత్తం విప్పి అక్కడే వదిలేసి, వేరే చీర చుట్టుకుని వంటింట్లోకి వచ్చేది.

ఒక ఏడు పెద్దబాపు రోడ్డు పక్క భూమి తుకడా ఒకటి అమ్మాడు. మా వైపు భూములకు అప్పుడప్పుడే రెక్కలొస్తున్నాయి. చేతిలోకి డబ్బు రాగానే ఆయనకు మంచు కొండలు చూడాలనిపించింది. ఎవరో లీడరు వెళ్ళివచ్చాడట, తనెందుకు వెళ్ళకూడదు? ఉత్తరాదిన ఒక కొండల జాతీయ పార్కు, అక్కడ ఎత్తులో గడ్డి మైదానం, దాని పైన మంచు. తమ్ముళ్ళు, వాళ్ళ భార్యలు, ఇద్దరు ముగ్గురు దోస్తులు, వాళ్ళ ఇంటివాళ్ళు, అందరూ రావాలని హుకుం. చిన్నపిల్లలు మాత్రం వద్దు, సతాయిస్తారు. గిన్నెలు కడిగే వయసు వచ్చింది కాబట్టి నన్ను రానిచ్చారు.

చిన్నమ్మకు వెళ్ళాలని లేదు. బావతో నేరుగా మాట్లాడే అలవాటు మా ఇంటి కోడళ్ళకు లేదు కనుక పెద్దమ్మను బతిమాలింది. "అక్కా, జర బావకు చెప్పు. శైలుకు జరమొచ్చి తగ్గి రెండొద్దులు గాలే. నేను ఇంటికాడ అత్త తోని ఉంట."

పెద్దబాపు వాకిట్లోంచే జవాబిచ్చాడు. "ఆమె రాకుంటే వండేటోల్లెవరు? గా రొట్టెలు నేను తిన. పిల్లను అవ్వ సూసుకుంటది, తియ్యి."

ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె వంట తిని, ఇప్పుడు ఆ వంట కోసమే ఆమెను కొండెక్కించాడు. బయల్దేరే పొద్దున శైలు గుప్పిట్లోంచి కొంగు విడిపించింది మా అవ్వ, ఒక్కొక్క వేలూ తెరిచి.

రైలు, బస్సు, జీపు, ఇలా ప్రయాణం చేసి పార్కు చెక్‌పోస్టు చేరాం. అక్కడ ఖాకీ కోటు వేసుకున్న గార్డు ఒకాయన మా అందరినీ నిలబెట్టి నియమాలు చెప్పాడు. పక్కనే అవే నియమాలు రాసిన బోర్డు. దారి విడిచి పోవద్దు, జంతువులకు తిండి పెట్టొద్దు, కొమ్మలు విరిచి మంట పెట్టొద్దు, తెచ్చిన చెత్త తిరిగి తీసుకుపోవాలి. ఇవన్నీ గబగబా చెప్పి, ఆ తరువాత మెల్లగా, ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ చెప్పాడు: మీరు కింది దేశం నుంచి వచ్చారు, ఈ రోజే పైకి పోవద్దు. ఈ రాత్రి, రేపు ఇక్కడే ఉండండి, ఒంటికి ఎత్తు అలవాటు కానివ్వండి. పైన మందు తాగొద్దు. మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్ముతుంది, అప్పటికి గుడిసెలకు చేరుకోవాలి. ఎవరికైనా తల నొచ్చినా, వాంతి అయినా, అడుగు తడబడినా ఇంకొక్క అడుగు పైకి వెయ్యొద్దు, వెంటనే దిగిపోవాలి. జబ్బు పడ్డవాళ్ళను ఒంటరిగా వదలొద్దు.

భాష తెలియలేదని చెప్పడానికి కూడా మావాళ్ళకు వీల్లేదు. ఆయన మాట్లాడింది హిందీ. మేడ్చల్ అంగట్లో ఉర్దూలో బేరాలాడి పెరిగినవాళ్ళు మావాళ్ళు. ప్రతి ముక్కా అర్థమైంది. చిన్నమ్మ మళ్ళీ బోర్డు దగ్గరికి వెళ్ళి చదివి, "రేపటి దాంక ఈడనే ఉండుమంటుండ్రు" అని మా అమ్మతో అంది, పెద్దబాపుకు వినపడేలాగ.

"అరె, గీ బోర్డులు సదువుకుంట కూసుంటే కొండ ఎప్పుడెక్కుతం?" అన్నాడాయన. దోస్తులు నవ్వారు. "మనం రాళ్ళగుట్టల నడుమ పుట్టినోల్లం. మనకేం గాదు. గుర్రాలు తియ్యమను, జల్దీ."

పై గుడిసెల్లో ఉండటానికి చీటీ ముందే తీసుకున్నారు. గార్డు ఇంకోసారి చెప్పి చూశాడు, తల అడ్డంగా ఊపి గేటు గొలుసు దించాడు. ఆ మధ్యాహ్నమే ఎక్కాం.

పైన చెక్క గుడిసెలు, ఎదురుగా కొండలు. ఎంత అందంగా ఉన్నాయో చెప్పాలని లేదు. చిన్నమ్మ వాటిని చూడనే లేదు. గుర్రం దిగగానే కిరసనాయిలు స్టవ్ ముందు కూర్చోబెట్టారు. అంత ఎత్తులో బియ్యం ఉడకవని అప్పుడు మాకెవరికీ తెలియదు. నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి, అన్నం పలుకుగానే ఉంది. ఆమె మళ్ళీ నీళ్ళు పోసి, మళ్ళీ మూత పెట్టి, ఒక చేత్తో కణతలు నొక్కుకుంటూ కూర్చుంది. "తల పలుగుతాంది పద్మా. లోపల ఎవరో సుత్తితోని కొట్టినట్టున్నది" అంది నాతో. పొద్దు గుంకుతుంటే మగవాళ్ళు సీసాలు తీశారు. చలికి మంచిదట. కంచం ముందుకు రాగానే పెద్దబాపు ఒక ముద్ద నోట్లో పెట్టి ఊశాడు. "ఇన్నేండ్ల సంది వండుతున్నవు, అన్నం వండనీకె రాదా?" చిన్నమ్మ బయటికి పరిగెత్తి గోడ పక్కన వాంతి చేసుకుంది. పెద్దమ్మ నుదుటికి బామ్ రాసింది. మా అమ్మ శొంఠి చాయ్ ఇచ్చి, "ప్రయాణం పడలే" అంది. గార్డు చెప్పిన ముచ్చట ఒక్కరి నోటా రాలేదు.

తెల్లవారేసరికి ఆమె ముఖం ఉబ్బింది. లేచి నిలబడితే తూలింది. అయినా మగవాళ్ళు చాయ్ తాగుతున్న చోటుకు వచ్చి, పెద్దబాపు ఎదుటే, మా ఇంటి కోడలు ఎన్నడూ చెయ్యని పని చేసింది. గట్టిగా మాట్లాడింది. "నాకు మంచు వద్దు, ఏం వద్దు. నేను దిగుత. నాతోని ఎవరన్న ఒక్కలు రాండ్రి."

చిన్నబాపు లేచాడు. లేచి, అన్న ముఖం చూశాడు.

"కూసో" అన్నాడు పెద్దబాపు. "ఇంతదూరమొచ్చి ఒక్కలు దిగుతె అందరి ఆట ఖరాబైతది. ఆడోల్లకు తలనొప్పి ఎప్పుడు లేదు? జర సేపు పండుకుంటె అదే పోతది. మంచు సూసొచ్చినంక అందరం దిగుదం."

చిన్నబాపు కూర్చున్నాడు. మా బాపు చాయ్ గ్లాసులోకి చూస్తూ ఉన్నాడు. గుర్రాలన్నీ తీసుకుని అందరూ మంచు దగ్గరికి వెళ్ళారు. ఆమెకు తోడుగా నన్ను ఉంచారు.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది, పడుకుంటే ఊపిరి ఆడటం లేదంది. నాలుగు మాటలకొకసారి దగ్గు. "శైలు లేచి ఉంటదా ఇప్పుడు?" అని అడిగింది. "లేవంగనే నాకోసం ఎతుకుతది. నన్ను కిందికి తీస్కపో బిడ్డా. కింది దాంక వస్తే నేను మంచిగైత." ఆమె పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. గుడిసెల కాపలా మనిషి వచ్చి చూసి, నీ వాళ్ళను పిలుచుకు రా, ఒక గుర్రం తీసుకుని రా, ఆలస్యం చెయ్యకు అన్నాడు. ఆమెను ఆయనకు అప్పగించి పరిగెత్తాను. రొమ్ము పగిలిపోయేలా ఉంది, అయినా పరిగెత్తాను.

నేను చేరేసరికి ఫొటోలు తీసుకుంటున్నారు. పెద్దబాపు నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. "చిన్నమ్మకు ఊపిరాడ్తలేదు, జల్దీ రాండ్రి" అని అరిచాను. "ఫొటో అయినంక వస్తం, పక్కకు జరుగు" అన్నాడాయన. నేను చిన్నబాపు చెయ్యి పట్టి లాగాను. ఆయన నాతో కొంచెం దూరం వచ్చాడు కూడా. వెనక నుంచి "ఒరే" అని ఒక్క పిలుపు వినిపించింది. చిన్నబాపు ఆగిపోయాడు. పెళ్ళాం పిల్లా ఉన్న మగవాడు, ద్రాక్ష గంపలు రెండేసి భుజాన మోసే మనిషి, ఆ ఒక్క పిలుపుకు మంచులో దిగేసిన గుంజలాగా నిలబడిపోయాడు. ఇన్నేళ్ళయినా ఆ నిలబడటం నా కళ్ళలోంచి పోలేదు.

వాళ్ళు తాపీగా వచ్చారు. వచ్చి, ఉన్నదేదో తిన్నారు. అప్పటికి మబ్బు కమ్మింది. గుర్రం మీద చిన్నమ్మను కూర్చోబెట్టి చిన్నబాపు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని దిగాం. దగ్గినప్పుడల్లా ఆమె కొంగుకు లేత ఎరుపు నురగ అంటుకుంటోంది. దారిలో ఒక వాగు దాటేటప్పుడు ఆమె నా భుజం మీదికి వాలింది. నిద్రపోయింది అనుకున్నాను. చిన్నబాపు గుర్రాన్ని ఆపి పేరు పెట్టి పిలిచాడు. పిలుస్తూనే ఉన్నాడు. అప్పుడు మాత్రం అన్న ముఖం చూడలేదు.

చెక్‌పోస్టు దగ్గర ఆ గార్డు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తల నొచ్చిందని ఆమె చెప్పలేదా అని అడిగాడు. పెద్దబాపు ఆయన భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. అక్కడే ఏటి ఒడ్డున కాల్చారు. తిరుగు రైల్లో, ఖాళీగా ఉన్న ఆమె బెర్తు మీద కూర్చుని పెద్దబాపు అందరికీ చెప్పాడు, ఇంటికి పోయాక అందరూ ఒకటే మాట మాట్లాడాలని. ఆ మాట ఏమిటంటే: వద్దంటే వినలేదు. మంచు చూడాలని ఆమే మొండికేసింది. చలికి తట్టుకోలేకపోయింది.

చిన్నమ్మ తల్లి గండిమైసమ్మ నుంచి వచ్చి మా వాకిట్లో నేల మీద కూర్చుని, "నా బిడ్డను ఏం జేసిండ్రయ్యా?" అని గుండెలు బాదుకుంటుంటే, పెద్దబాపు కళ్ళు తుడుచుకుంటూ ఆ మాటే చెప్పాడు. జ్వరంతో ఉన్న పిల్లను కూడా వదిలి వచ్చింది, అంత పిచ్చి ఆమెకు కొండలంటే, అని ఇంకో ముక్క కలిపాడు. నేను అరిచాను. "అబద్ధం! దిగుత అన్నది! చిన్నమ్మ దిగుతనే అన్నది!" మా అమ్మ చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. మందు డ్రమ్ములుండే గదిలోకి ఈడ్చుకుపోయి తలుపు వేసింది. మైలుతుత్తం వాసనలో, చీకట్లో, ఆమె కూడా ఏడుస్తూనే నన్ను కొట్టింది. "భూములు ఇంకా పంచలే. నువ్వు నోరు తెరిస్తే మీ బాపు రోడ్డు మీద పడ్తడు. సచ్చినామె ఎట్లైనా రాదు. సమజైందా?"

తరువాత భూములు పంచారు. మా బాపు వాటా మా బాపుకు వచ్చింది. చిన్నబాపుకు ఏడాది తిరగకుండా మళ్ళీ పెళ్ళి చేశారు. శైలును అమ్మమ్మ తీసుకుపోయింది, మా గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. అల్వాల్‌లో కాలేజీకి పోయే రోజుల్లో ఒకసారి నేను బస్సు పట్టుకుని గండిమైసమ్మ వెళ్ళాను. ఆ ముసలామె నన్ను గుర్తుపట్టి, "మీ ఇంటోల్ల ముచ్చట్లు మాకొద్దు" అని తలుపు వేసింది. ఆమెను తప్పు పట్టను. తలుపు మా ముఖానే వెయ్యాలి.

చాలా ఏళ్ళ తరువాత ఒక డాక్టరును అడిగాను. అంత ఎత్తుకు పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందట. "దానికి మొదటి మందు దిగడమే. పొద్దున్నే దింపి ఉంటే బతికే అవకాశం చాలా ఉండేది" అన్నాడాయన, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. నేను ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు మా ద్రాక్ష తోటలు లేవు. పందిళ్ళు పీకి ప్లాట్లు చేశారు. మా చుట్టాలు ఏటా విమానాల్లో కొండలకు పోతున్నారు. పోయే ముందు ఫోన్లలో జాగ్రత్తలు ఒకరికొకరు పంపుకుంటారు, ఆక్సిజన్ డబ్బాలు కొనుక్కుంటారు. మొన్న మా పెద్దబాపు మనవడి భార్య ప్రయాణంలో కళ్ళు తిరుగుతున్నాయంటే, "ఈమెతోని ఎటు పోయినా ఇదే పరేషాన్" అని అందరూ నవ్వారట. ఆ పిల్ల తనే నవ్వుతూ నాకు చెప్పింది. నాకు నవ్వు రాలేదు. జాగ్రత్తలు అప్పుడూ ఉన్నాయి, బోర్డు మీద అక్షరాలంత పెద్దగా ఉన్నాయి. ఒక మనిషి నాకు బాగాలేదు అన్నప్పుడు, ఆ చెప్పింది ఎవరో చూసి నమ్మాలా వద్దా నిర్ణయించుకునే ఇళ్ళు ఉన్నంతకాలం ఏ బోర్డూ ఎవరినీ కాపాడదు. కొండలకు వెళ్ళేవాళ్ళు నా మాటగా ఒక్కటి గుర్తుపెట్టుకోండి: మీలో వంట చేసే మనిషి తల నొస్తోందంటే, పొయ్యి ఆర్పి, అందరూ దిగండి.

దినకర్మ నాడు చిన్నబాపు కబురు పెడితే శైలు కూడా వచ్చింది. ఇప్పుడు ఆమెకూ ఒక కూతురు. తల్లి పోలిక ఎంతగా వచ్చిందంటే, చెప్పుల స్టాండు దగ్గర ఆమెను చూసి చిన్నమ్మే వచ్చిందనుకున్నాను. ఆమే నా దగ్గరికి వచ్చి, ఫ్లెక్సీ వైపు చూపిస్తూ అడిగింది. "అక్కా, గా కొండ మీదనే కదా మా అమ్మ పోయింది? మంచు సూస్త అని మొండికేసి, నన్ను జరంల వదిలేసి పోయిందంట గదా?"

అక్కడే, నిలబడే, మొత్తం చెప్పాను. మైకులో పొగడ్తలు సాగుతూనే ఉన్నాయి. శైలు ఏడవలేదు. "ఏమన్నది? మల్లొక్కసారి చెప్పు" అంది.

"శైలు లేచి ఉంటదా, లేవంగనే నాకోసం ఎతుకుతది, నన్ను కిందికి తీస్కపో, అన్నది."

శైలు చెప్పులతోనే లోపలికి నడిచింది. భోజనాల వరుసలో మా బాపు, చిన్నబాపు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. చిన్నబాపు ముందు నిలబడి, "నాయినా, అమ్మ దిగుత అన్నదా?" అని అడిగింది.

చిన్నబాపు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తాడు. అలవాటుగా పక్కకు చూశాడు, అక్కడ చూడటానికి ఇప్పుడు పెద్దన్న లేడు. "అన్నది బిడ్డా" అన్నాడు.

పెద్దబాపు కొడుకు లేచి, "ఇప్పుడెందుకు శైలు గవన్ని? తినేటప్పుడు..." అన్నాడు.

"ఇప్పుడే" అంది శైలు. వరుసలో కూర్చున్నవాళ్ళందరికీ వినపడింది. "బుద్ధి తెలిసినప్పటి సంది నేను మా అమ్మను తిట్టుకున్న. ఇయ్యాల్టి సంది ఎవర్ని తిట్టుకోవాల్నో మీరే చెప్పుండ్రి."

మా బాపు, ఆనాడు చాయ్ గ్లాసులోకి చూసినట్టే, నీళ్ళ గ్లాసులోకి చూస్తూ ఉన్నాడు.